ఫీజు కాదు, గ్యాప్ చూడాలి: ఇంటి ఆసరా అంతంతమాత్రంగా ఉన్న ఎప్‌సెట్ విద్యార్థిని కాలేజీ ఎంపిక – కేస్ స్టడీ

ఈ కేసు నిజామాబాద్ జిల్లాలోని ఒక పల్లెకు చెందిన అమ్మాయిది. ఎవరో గుర్తుపట్టేలా ఉన్న వివరాలు మార్చాం. ఇదే తీరులో వచ్చిన మరికొన్ని కేసుల్లోని చిక్కులు కూడా ఇందులో కలిపి రాశాం. కాలేజీలకు పేర్లు పెట్టకుండా క, ఖ, గ, ఘ అన్నాం. రూపాయల అంకెలను గుండు సంఖ్యలుగా సవరించాం.

బీసీ-డి. ఇంటర్ ఎంపీసీ, పక్క టౌన్‌లోని ప్రైవేటు జూనియర్ కాలేజీలో. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో ర్యాంకు 41 వేల పైచిలుకు. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా తండ్రి చనిపోయాడు. తల్లి బీడీలు చుడుతుంది. కంపెనీ ఆకు, తంబాకు ఇచ్చేదే నెలలో పన్నెండు, పదిహేను రోజులు. మిగతా రోజులు కూలికి పోవాలి. వితంతు పింఛను నెలకు 2,016 రూపాయలు వస్తుంది. తమ్ముడు తొమ్మిదో తరగతి. ఆమె పెళ్లికని పోస్టాఫీసులో 50 వేలవి రెండు డిపాజిట్లు వేసి ఉన్నాయి. ఇంట్లో పెద్ద దిక్కు బాబాయి. ఆయన మాట ఒకటే: "ఇంజినీరింగ్ మనకెందుకు వదినె, డిగ్రీల ఎయ్యి. మంచి సంబంధం వస్తే చేద్దాం."

అమ్మాయి కాలేజీ ఎంపికలో సలహా కోసం మా దగ్గరికి వచ్చేనాటికి రెండు పనులు అప్పటికే జరిగిపోయాయి. నెట్ సెంటర్‌లో ఎవరో వెబ్ ఆప్షన్ల (ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌లో కోరుకునే కాలేజీలు, బ్రాంచీల) జాబితా తయారుచేసి ప్రింటు ఇచ్చారు. అందులో మొదటి పన్నెండూ హైదరాబాద్ చుట్టుపక్కల ప్రైవేటు కాలేజీలే, బ్రాంచి అన్నిట్లో కంప్యూటర్ సైన్సే. ఇంకోటి, ఒక కాలేజీ పీఆర్వో ఇంటికి వచ్చి, "ఈ ర్యాంకుకు కన్వీనర్ కోటాలో మంచి సీటు రాదు, బి కేటగిరీలో ఫీజు తగ్గించి ఇప్పిస్తా, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వండి" అని అడిగి వెళ్లాడు. (కన్వీనర్ కోటా అంటే సర్కారు కౌన్సెలింగ్ ద్వారా ఇచ్చే సీట్లు; బి కేటగిరీ అంటే కాలేజీ యాజమాన్యం నింపుకునే మేనేజ్‌మెంట్ కోటా సీట్లు.) తల్లి ఇవ్వలేదు. ఆ ఒక్క పనితో కేసు సగం నిలబడింది.

ముందు తేల్చింది: సర్కారు ఎంత ఇస్తుంది

కాలేజీ పేర్లు చూడటం తర్వాతి పని. ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో ఈ అమ్మాయికి వచ్చేదెంత అన్నది ముందు కాగితం మీద రాయాలి. తెలంగాణలో బీసీ విద్యార్థి కుటుంబ ఆదాయం పల్లెలో 1.5 లక్షలు, పట్టణంలో 2 లక్షలు దాటకూడదు. ఇంజినీరింగ్‌లో ఎప్‌సెట్ ర్యాంకు 10 వేల లోపు ఉంటే పూర్తి ట్యూషన్ ఫీజు వస్తుంది. ఈమెలా ర్యాంకు అంతకు పైన ఉండి, ఇంటర్ కూడా ప్రైవేటులో చదివిన బీసీ విద్యార్థికి గరిష్ఠంగా 35 వేలే. కాలేజీ ఫీజు 45 వేలైనా, 1.60 లక్షలైనా సర్కారు ఇచ్చేది అదే 35 వేలు. 2022లో రాష్ట్రం ఖరారు చేసిన ఇంజినీరింగ్ ఫీజులు సరిగ్గా ఈ రెండు అంకెల మధ్యే ఉన్నాయి. అంటే ఒకే ర్యాంకున్న ఇద్దరు అమ్మాయిల్లో ఒకరు ఏడాదికి 10 వేలు, మరొకరు లక్షా పాతిక వేలు జేబులోంచి కట్టాల్సి రావచ్చు. ఇద్దరి ఇళ్లలోనూ వినిపించే మాట మాత్రం "ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా" అనే.

కాలేజీ ఫీజుకూ, సర్కారు ఇచ్చేదానికీ మధ్య ఉన్న ఈ తేడానే గ్యాప్ అంటాం. ఆసరా లేని పిల్లలకు కాలేజీ చూసేటప్పుడు మొదటి ప్రశ్న గ్యాప్ ఎంత అన్నది. రెండోది ఆ గ్యాప్ ఏ నెలలో కట్టాలన్నది. చదువు మధ్యలో ఆగిపోయిన కేసుల్లో మాకు ఎక్కువగా కనిపించింది ఈ రెండో ప్రశ్న ఎవరూ అడగకపోవడమే.

రీయింబర్స్‌మెంట్ అసలే రాని సీట్లు కూడా ఉన్నాయి. మేనేజ్‌మెంట్ కోటాకు రాదు. కౌన్సెలింగ్ ముగిశాక మిగిలిన సీటును కాలేజీలోనే నేరుగా ఇచ్చే స్పాట్ అడ్మిషన్‌కు రాదు. తెలంగాణలోని ప్రైవేటు యూనివర్సిటీల్లో చేరితే రాదు. పీఆర్వో "తగ్గించి ఇప్పిస్తా" అన్న బి కేటగిరీ సీటు ఈ లెక్కతో అక్కడే కొట్టేశాం. ఎంత తగ్గించినా ఏడాదికి 35 వేల చొప్పున నాలుగేళ్లకు 1.40 లక్షలు ముందే వదులుకున్నట్టు.

నాలుగు దారులు, ఒకే నోట్‌బుక్ పేజీ

రెండు వందల పేజీల నోట్‌బుక్‌లో ఒక పేజీని అడ్డంగా తిప్పి నాలుగు గడులు గీశాం. తల్లి, కూతురు ఇద్దరూ పక్కన కూర్చున్నారు. ప్రతి అంకె తల్లికి వినబడేలా పైకి చదివి రాశాం. డబ్బు తెచ్చేది ఆమె కాబట్టి ఈ పేజీ ఆమెకు అర్థం కావాలి.

'క' హైదరాబాద్ శివారులోని ప్రైవేటు కాలేజీ, కంప్యూటర్ సైన్స్‌లో ఏఐ విభాగం. ట్యూషన్ 1,10,000. సర్కారు ఇచ్చే 35 వేలు పోతే గ్యాప్ 75 వేలు. ఇతర ఫీజులు 9 వేలు. ప్రైవేటు లేడీస్ హాస్టల్ నెలకు 7 వేలు, పది నెలలకు 70 వేలు. ఏడాదికి 1,54,000. నాలుగేళ్లకు 6,16,000, మొదటి ఏడాది ల్యాప్‌టాప్, డిపాజిట్లకు మరో 40 వేలు. మొత్తం 6,56,000.

'ఖ' ఇంటి నుంచి బస్సులో పోయి రాగల ప్రైవేటు కాలేజీ, ఈసీఈ. ట్యూషన్ 50 వేలు, గ్యాప్ 15 వేలు, ఇతరాలు 6 వేలు. ఏడాదికి 21 వేలు, నాలుగేళ్లకు 84 వేలు. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు కాబట్టి బస్సు ఖర్చు సున్నా అనుకున్నాం. ఫోన్ చేసి అడిగితే, కాలేజీ బస్సు ఎక్కడం తప్పనిసరి, ఏడాదికి 22 వేలు అన్నారు. దాంతో 84 వేలు కాస్తా 1,72,000 అయింది. ఈ ఒక్క ఫోన్ కాల్ చేయని కుటుంబాలే ఎక్కువ.

'గ' యూనివర్సిటీ సొంత ఇంజినీరింగ్ కాలేజీ, ఈఈఈ. గ్యాప్ 15 వేలు, ఇతరాలు 5 వేలు, క్యాంపస్‌లోని అమ్మాయిల హాస్టల్‌లో మెస్ బిల్లు నెలకు సుమారు 3 వేలు, పది నెలలకు 30 వేలు. ఏడాదికి 50 వేలు. హాస్టల్ డిపాజిట్ 10 వేలు కలిపి నాలుగేళ్లకు 2,10,000. జేఎన్‌టీయూ హైదరాబాద్‌కు కూకట్‌పల్లి క్యాంపస్ ఒక్కటే కాదు; జగిత్యాల, మంథని, సుల్తాన్‌పూర్, వనపర్తి, సిరిసిల్లలోనూ సొంత కాలేజీలున్నాయి. నెట్ సెంటర్ ఇచ్చిన జాబితాలో ఇందులో ఒక్కటీ లేదు.

'ఘ' ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీ, బీఎస్సీ కంప్యూటర్స్, బీసీ సంక్షేమ శాఖ కాలేజీ హాస్టల్. తిండికి, ఉండటానికి ఖర్చు లేదు. 2024 నవంబరులో సర్కారు ఇంటర్ నుంచి పీజీ దాకా హాస్టల్ పిల్లల మెస్ ఛార్జీని నెలకు 1,500 నుంచి 2,100కు పెంచింది. పుస్తకాలు, పరీక్ష ఫీజులు, రాకపోకలు కలిపి ఏడాదికి 15 వేలు, మూడేళ్లకు 45 వేలు. ఆపైన ఐసెట్ రాసి ఎంసీఏ.

తిండి, బస ఖర్చుల కోసం సర్కారు ఇచ్చే మెయింటెనెన్స్ స్కాలర్‌షిప్, అంటే ఎంటీఎఫ్, ఈ లెక్కలో ఎక్కడా కలపలేదు. అది వస్తుంది, కానీ ఏ నెలలో వస్తుందో చెప్పలేం. మెస్ బిల్లు మాత్రం ప్రతినెలా వస్తుంది.

నాలుగు మొత్తాల కింద ఇంకో వరుస రాశాం: రీయింబర్స్‌మెంట్ సమయానికి రాకపోతే ఏమవుతుంది? తెలంగాణలో బకాయిలు పేరుకుపోయి, 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించాయి. కాలేజీకి సర్కారు నుంచి డబ్బు రానప్పుడు ఆ ఒత్తిడి వచ్చి పడేది చివరి సంవత్సరం విద్యార్థి మీదే. 'క' కాలేజీలో చేరేటప్పుడు సంతకం చేయించుకునే కాగితం నకలు ఒక సీనియర్ ద్వారా తెప్పించి చూశాం. స్టాంపు పేపరు మీద టైపు చేసిన అర పేజీ. అడ్మిషన్ నంబరు, బ్రాంచి, తల్లిదండ్రుల పేరుకు ఖాళీలు. మూడో వాక్యంలో, "ప్రభుత్వం నుంచి ట్యూషన్ ఫీజు విడుదల కాని పక్షంలో ఆ మొత్తాన్ని మేమే చెల్లించి సర్టిఫికెట్లు తీసుకుంటాము" అని ఉంది. దీన్ని బట్టి 'క'లో అన్నీ తలకిందులైతే కట్టాల్సింది 6,56,000తో పాటు 1,40,000, మొత్తం 7,96,000. అదే అధ్వాన పరిస్థితి 'గ'లో వస్తే 3,50,000. తల్లి 'క' గడి మీద తనే అడ్డంగా గీత కొట్టింది.

అప్పు సంగతి

'క' మీద ఆశ వదలని అమ్మాయి బ్యాంకు లోను అడిగింది. న్యాయమైన ప్రశ్న, అందుకే అదీ లెక్కేశాం. విద్యా రుణంలో 4 లక్షల దాకా తాకట్టు అడగరు. తల్లి సహ రుణగ్రహీతగా సంతకం పెట్టాలి. ఆరు లక్షల అప్పు, 10 శాతం వడ్డీ, ఏడేళ్ల గడువు అనుకుంటే నెల కిస్తీ 10 వేలకు కాస్త తక్కువ. చదువుకునే కాలంలో పేరుకునే వడ్డీ దీనికి అదనం. రెండు లక్షలకైతే కిస్తీ సుమారు 3,320. మొదటి ఉద్యోగంలో నెలకు 20 వేలు వచ్చే అమ్మాయి ఇంటికి కొంత పంపి, 3,320 కట్టగలదు. పది వేలు కట్టలేదు.

కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీ చూసుకోవాలి. కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉన్నవారికి వృత్తి, సాంకేతిక కోర్సుల రుణాల మీద చదువు కాలంలోనూ, ఆ తర్వాత ఏడాదీ వడ్డీ కేంద్రమే కడుతుంది. అయితే కాలేజీకి న్యాక్ గానీ, ఆ బ్రాంచికి ఎన్‌బీఏ గానీ గుర్తింపు (రెండూ చదువు నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థలు) ఉండాలి. గుర్తింపు గడువు ఎప్పటిదాకా ఉందో కూడా చూడాలి. కాలేజీ గోడ మీద పెద్ద అక్షరాల్లో న్యాక్ అని ఉన్నంత మాత్రాన ఈ ఏడాది అది చెల్లుతుందని కాదు.

బ్యాంకు ఇచ్చిన అప్పుతోనే గడిపేయాలని చూసే ఇళ్లు కొన్ని, ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చేవి కొన్ని. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. 60 వేలు తెస్తే నెలకు 1,800 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. కాలేజీ ఫీజుకు ఈ అప్పు తేవద్దని గట్టిగా చెబుతాం. దానికన్నా ఒక ఏడాది ఆగడం మేలు.

చవకైనదాన్ని ఎందుకు ఎంచుకోలేదు

అంకెల ప్రకారం 'ఘ' అన్నిటికన్నా చవక, తర్వాత 'ఖ'. ఇక్కడే మా అభిప్రాయం చెప్పాలి.

'ఖ'కు గత రెండేళ్ల లాస్ట్ ర్యాంకు జాబితా తీసి చూశాం. కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. ఈసీఈలో చాలా కేటగిరీల ఎదురుగా ర్యాంకే లేదు, అంటే సీట్లు నిండలేదు. నిండని బ్రాంచిలో అధ్యాపకులు మారిపోతుంటారు, రెండేళ్లకు బ్రాంచినే ఎత్తేయవచ్చు. కాలేజీ మూతపడితే వేరే కాలేజీకి పంపుతారు, కానీ అది ఇంటి నుంచి బస్సులో పోయేదై ఉంటుందన్న హామీ లేదు. ఇంకో కారణం డబ్బుతో సంబంధం లేనిది. ఇంటి నుంచి పోయి వస్తే రోజుకు రెండున్నర గంటలు దారిలోనే. ఇంటికి రాగానే చాట ముందు కూర్చోవాలి, ఎందుకంటే వెయ్యి బీడీల లెక్క తల్లి ఒక్కతే పూర్తి చేయలేదు. ప్రతి పండక్కీ సంబంధాల మాట. ఇలాంటి ఇంట్లో ఉండే పిల్లకు హాస్టల్ ఖర్చు కాదు, చదువుకునే సమయం. ఏడాదికి 30 వేల మెస్ బిల్లును ఆ దృష్టితోనే సమర్థించాం.

'ఘ' మంచి దారే. చేతిలో పైసా లేని ఇంటికి అదే సరైన దారి అని ఇప్పటికీ చెబుతాం. ఈ కేసులో పోస్టాఫీసు డిపాజిట్లు ఉన్నాయి, పింఛను ఉంది, అమ్మాయికి లెక్కల మీద పట్టుంది. 'గ'లో ఈఈఈ చదివితే విద్యుత్ సంస్థల ఏఈ పోస్టులకు, రైల్వేకు, పీజీకి గేట్ రాయడానికి అర్హత వస్తుంది. కంప్యూటర్ సైన్స్ రాలేదన్న దిగులు ఆమెకు ఉంది. కానీ యూనివర్సిటీ కాలేజీలో ఈఈఈకి, అప్పుతో చదివే ప్రైవేటు ఏఐకి మధ్య ఉన్న తేడా బ్రాంచి పేరులో కన్నా ఆ నాలుగున్నర లక్షల్లో ఉంది.

అయినా 'ఘ'ను వదల్లేదు. డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ ప్రవేశాల వేదిక దోస్త్‌లో 200 రూపాయలు కట్టి రిజిస్టర్ చేయించి, వచ్చిన సీటుకు ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నట్టు మనమే నమోదు చేయడం) మాత్రం చేయించాం. టీసీ ఇవ్వలేదు. దోస్త్, ఎప్‌సెట్ తేదీలు ఒకదానిమీదొకటి పడుతుంటాయి. డిగ్రీ కాలేజీలో టీసీ ఇచ్చేసి, పదిహేను రోజులకు ఇంజినీరింగ్ సీటు వచ్చాక దాన్ని వెనక్కి తీసుకోవడానికి తిరిగే పిల్లలు ప్రతి సంవత్సరం ఉంటారు.

కాగితాల్లో ఆగిన చోట్లు

ఆదాయ సర్టిఫికెట్ తండ్రి పేరు మీద పాతది ఉంది. మీసేవలో తల్లి పేరు మీద కొత్తది పెట్టించాం, తండ్రి మరణ ధ్రువపత్రం జతచేసి. దరఖాస్తు నింపే కుర్రాడు వార్షికాదాయం గడిలో 1,80,000 వేయబోయాడు, "అందరికీ అంతే వేస్తాం" అంటూ. పల్లెలో ఉండే బీసీ కుటుంబానికి అది పరిమితి దాటిన అంకె. ఉన్న ఆదాయం ఉన్నట్టు రాయాలి, వేసేముందు పరిమితి ఎంతో తెలియాలి.

పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరమే. స్కాలర్‌షిప్ పోర్టల్ ఈ-పాస్‌లో దరఖాస్తు మెమో వివరాలతోనే మొదలవుతుంది, తర్వాత ఆధార్‌తో సరిపోల్చుతుంది. మార్చాల్సింది ఆధార్‌ను, మెమోను మార్పించడానికి నెలలు పడుతుంది. ఈ పని జూన్‌లోనే చేయించాం.

బ్యాంకు ఖాతా మైనరుగా ఉన్నప్పుడు తండ్రితో కలిపి తెరిచింది, రెండేళ్లుగా లావాదేవీ లేదు. అలాంటి ఖాతాకు ఎంటీఎఫ్ పడదు. అమ్మాయి ఒక్కతే పేరు మీద కొత్త ఖాతా తెరిచి, ఆధార్‌ను ఆ ఖాతాకే అనుసంధానం చేయించాం. ఒకటికి మించి ఖాతాలుంటే చివరగా అనుసంధానించిన దానికే డబ్బు వెళుతుందని గుర్తుంచుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024కు ముందు కొన్నేళ్లు ఫీజు డబ్బు తల్లి ఖాతాలో పడేది. ఇంటితో మాటల్లేని పిల్లలకు అక్కడ అదే పెద్ద చిక్కయింది. ఇప్పుడు అక్కడా కాలేజీకే పోతోంది.

అన్నిటికన్నా కష్టపెట్టింది జూనియర్ కాలేజీ బకాయి. 24 వేలు బాకీ ఉందని టీసీ, స్టడీ సర్టిఫికెట్ ఆపారు. మార్కుల మెమో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది కాబట్టి సర్టిఫికెట్ వెరిఫికేషన్ వరకు ఇబ్బంది లేదు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు లేకపోతే మాత్రం స్థానికత తేలదు, కాలేజీలో చేరేరోజు టీసీ ఒరిజినల్ ఇవ్వాలి. నోటి మాటగా అడిగితే పని కాలేదు. తండ్రి మరణ ధ్రువపత్రం జతచేసి ప్రిన్సిపాల్‌కు లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో సంతకం తీసుకున్నాం. నకలు జిల్లా ఇంటర్ విద్యాధికారి కార్యాలయంలో ఇచ్చాం. నాలుగో రోజు యాజమాన్యమే పిలిచి, 12 వేలకు ఒప్పుకుని సర్టిఫికెట్లు ఇచ్చింది. కట్టిన డబ్బుకు రసీదు, రసీదు మీద "బాకీ లేదు" అన్న మాట తప్పకుండా రాయించుకోవాలి.

వెబ్ ఆప్షన్లు

ప్రాసెసింగ్ ఫీజు బీసీలకు 1,200, ఎస్సీ, ఎస్టీలకు 600. లాగిన్, పాస్‌వర్డు, ఓటీపీ వచ్చే ఫోన్ అమ్మాయి చేతిలోనే ఉండాలని మొదటే చెప్పాం. నెట్ సెంటర్ వాళ్ల నంబరుతో రిజిస్టర్ అయితే ఆప్షన్లు వాళ్ల చేతిలోకి పోయినట్టే.

ఆప్షన్ల వరుస గురించి ఒక అపోహ ఉంది: రాని కాలేజీని పైన పెడితే కింద ఉన్నదీ పోతుందని. పోదు. ర్యాంకుకు అందే వాటిలో మీ వరుసలో అన్నిటికన్నా పైనున్నదే ఇస్తారు. కాబట్టి రాదనుకున్న కూకట్‌పల్లి క్యాంపస్‌ను, ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీని ధైర్యంగా మొదట పెట్టించాం. చేటు చేసేది వేరే: కట్టలేని కాలేజీని జాబితాలో ఉంచడం. రెండో విడతలో మళ్ళీ ఆప్షన్లు ఇచ్చినప్పుడు పైనున్న కొత్త సీటు వస్తే మొదటి విడత సీటు రద్దవుతుంది, వెనక్కి రాదు. అలా చేతిలోని 'గ' పోయి, మోయలేని 'క' వచ్చి పడితే ఇక చేసేదేమీ లేదు. అందుకే జాబితాలో గ్యాప్ 25 వేలు దాటిన ప్రతి కాలేజీనీ తీసేశాం. 63 ఆప్షన్లు 19 అయ్యాయి. యూనివర్సిటీ కాలేజీల్లో కూడా రెగ్యులర్ సీటు, సెల్ఫ్ ఫైనాన్స్ సీటు వేరువేరు కోడ్‌లతో ఉంటాయి. ఫీజులో తేడా చాలా ఉంటుంది, కోడ్ చూడకుండా ఎంచుకోకూడదు.

మొదటి విడతలోనే 'గ'లో ఈఈఈ వచ్చింది. గడువులోగా ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే సీటు దానంతటదే రద్దవుతుంది. అది ఆదివారం రాత్రి సర్వర్ మీద పెట్టుకునే పని కాదు, వచ్చిన రోజే చేయించాం. రెండో విడతలో ఆప్షన్లు ఇవ్వలేదు.

డబ్బు ఏ నెలలో

నోట్‌బుక్ తర్వాతి పేజీలో నెలలు రాశాం. జూలై, ఆగస్టుల్లోనే 54,700 కావాలి: ప్రాసెసింగ్ ఫీజు 1,200, మీసేవ, జిరాక్సులు, ప్రయాణాలు 1,500, జూనియర్ కాలేజీ బాకీ 12,000, ట్యూషన్ గ్యాప్ 15,000, ఇతర ఫీజులు 5,000, హాస్టల్ డిపాజిట్ 10,000, రెండు నెలల మెస్ అడ్వాన్సు 6,000, పరుపు, బకెట్, డ్రాయింగ్ సామాను, కాలిక్యులేటర్ 4,000. ఆ తర్వాత ఎనిమిది నెలలు నెలకు 3 వేలు. మొదటి సంవత్సరం మొత్తం 78,700. నాలుగేళ్ల మొత్తాన్ని నాలుగుతో భాగించి ఏడాదికి 52 వేలే కదా అనుకున్నవాళ్లు ఆగస్టులోనే చిక్కుకుంటారు.

ఒక డిపాజిట్ విరిచి 50 వేలు తీశారు. రెండోదాన్ని ముట్టుకోవద్దని మేమే చెప్పాం. మిగిలినదానికి తల్లి మహిళా సంఘంలో 30 వేల అప్పు తీసుకుంది, తక్కువ వడ్డీకి, నెలవారీ కిస్తీతో. ఆ 30 వేలలో ఫీజుకు పోగా మిగిలింది మెస్ బిల్లు ఆలస్యమైనప్పటి కోసం పక్కన పెట్టించాం. నెలనెలా మెస్ బిల్లుకు పింఛను 2,016, బీడీల డబ్బులోంచి వెయ్యి. ల్యాప్‌టాప్ రెండో ఏడాదికి వాయిదా. ఈఈఈ మొదటి ఏడాది ల్యాబ్ చాలు.

కేంద్ర స్కాలర్‌షిప్‌లు లెక్కలో సున్నా వేశాం. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ వృత్తి కోర్సులకు ఏడాదికి 25 వేలు ఇస్తుంది. ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ సాంకేతిక కోర్సుల్లో చేరే అమ్మాయిలకు ఏడాదికి 50 వేలు, కుటుంబంలో ఇద్దరి దాకా, ఆదాయం 8 లక్షలు దాటకూడదు; మెరిట్ జాబితాలో పేరు రావాలి. కేంద్ర పథకాల్లో చాలావాటికి మరో ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకోకూడదన్న షరతు ఉంటుంది. పోర్టల్‌లో కనిపించినవన్నీ కూడేసి "ఏడాదికి లక్ష వస్తుంది" అనుకోవడం పొరపాటు. షరతు చదివి, ఏది పెద్దదో, ఏది ఖాయమో చూసుకుని ఒకటి ఎంచుకోవాలి. బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు మాత్రం తల్లి దగ్గర చెల్లుబాటులో ఉండేలా చేయించాం, తమ్ముడి చదువుకు అక్కరకొస్తుంది.

చేరిన తర్వాత

ఈ-పాస్ దరఖాస్తు చేసి, హార్డ్ కాపీలు కాలేజీలో ఇచ్చి, కాలేజీ నుంచి జిల్లా సంక్షేమ శాఖకు వెళ్లిందో లేదో స్టేటస్ చూడమన్నాం. "కాలేజీలో ఇచ్చేశాను" అన్నచోట ఆగిపోయే దరఖాస్తులు చాలా ఉంటాయి. ఈమెది మూడు వారాలు కాలేజీ లాగిన్‌లోనే ఉండిపోయింది. స్కాలర్‌షిప్ సెక్షన్‌లో అడిగితే ఆధార్ నకలు మసకగా ఉందన్నారు. ఇంకో నకలు ఇస్తే కదిలింది.

హాజరు 75 శాతం తగ్గితే స్కాలర్‌షిప్ ఆగుతుంది. మొదటి ఏడాది చలికాలంలో జ్వరంతో ఇంటికి వెళ్లి పద్దెనిమిది రోజులు ఉండిపోయింది. ప్రభుత్వ ఆస్పత్రి చీటీ, మెడికల్ సర్టిఫికెట్ రాగానే ఇచ్చింది కాబట్టి సరిపోయింది. క్రెడిట్లు చాలక డిటెయిన్ అయితే మళ్ళీ చదివే ఆ ఏడాదికి సర్కారు డబ్బు రాదని కూడా చెప్పాం. అప్పుడు గ్యాప్ 15 వేలు కాస్తా 50 వేలవుతుంది. సప్లీలు పెట్టుకోవడం ఆసరా ఉన్న పిల్లలకు పరువు సమస్య, ఈమెకు డబ్బు సమస్య.

మెస్ బిల్లు మా అంచనా 3 వేలు, వచ్చింది సగటున 3,400. ఏడాదికి 4 వేలు తేడా. రెండో ఏడాది నుంచి ఊళ్లోని పదో తరగతి పిల్లలకు వేసవిలో లెక్కలు చెప్పి అది భర్తీ చేసుకుంది. రెండో సంవత్సరం పూర్తయ్యేనాటికి సంఘం అప్పు తీరింది, రెండో డిపాజిట్ అలాగే ఉంది. ఎంటీఎఫ్ ఒక విడత వచ్చింది, ట్యూషన్ ఫీజు బకాయి ఇంకా సర్కారు దగ్గరే ఉంది.

ఇప్పుడు ముందున్న పని తమ్ముడిది, వాడు పదో తరగతి రాశాడు. మార్కులు బాగుంటే బాసర ఆర్‌జీయూకేటీకి దరఖాస్తు చేయాలి. పదో తరగతి మార్కులతోనే చేరి, ఆరేళ్లలో ఇంటర్, బీటెక్ రెండూ అక్కడే పూర్తవుతాయి, హాస్టల్ క్యాంపస్‌లోనే. గురుకులం కాని ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు ప్రవేశంలో అదనపు స్కోరు కలుపుతారు. వాడు చదివింది జిల్లా పరిషత్ బడి. రాకపోతే పాలిసెట్ ర్యాంకుతో ప్రభుత్వ పాలిటెక్నిక్, మూడేళ్ల డిప్లొమా, ఆ తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలోకి. తల్లి పేరుతో ఆదాయ సర్టిఫికెట్ ఈ ఏడాదిది మళ్ళీ తీయాలి, వాడి ఆధార్‌లో పేరు మెమోతో కలుస్తుందో లేదో ఇప్పుడే చూడాలి.